శ్వాససౌఖ్య పత్రం

జలాంతర పనుల శాఖకు ఆరు శ్వాసయంత్రాలు వచ్చిన రోజున ఆఫీసు ఆఫీసంతా ఊపిరి బిగబట్టి చూసింది. కొబ్బరికాయ కొట్టారు. పెట్టెలకు కుంకుమ బొట్లు పెట్టారు. డైరెక్టరు పరాంకుశం గారు రిబ్బను కత్తిరించి, "నేటితో మన శాఖ శ్వాస విషయమున స్వయంసమృద్ధి సాధించినది" అని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ యంత్రం తగిలించుకుని నీళ్ళలోకి దిగవలసిన సూరాడ కొర్లయ్య కూడా కొట్టాడు గాని, వరండాలో నిలబడి కొట్టాడు. హాల్లో కుర్చీలు నీళ్ళలోకి దిగనివాళ్ళకే సరిపోయాయి.

కొర్లయ్య సముద్రం ఒడ్డున పుట్టినవాడు. వాళ్ళ నాన్న రాళ్ళకు పట్టుకున్న వలల్ని మునిగి విడిపించేవాడు. కొర్లయ్య మాత్రం తొమ్మిదేళ్ళుగా ఉప్పునీళ్ళు వదిలేసి తాడివలస జలాశయంలో కాంట్రాక్టు డైవరుగా ఉన్నాడు. గేట్ల అంచున రబ్బరు ఎక్కడ అరిగింది, నీరు ఎక్కడ కారుతోంది కనిపెట్టడం అతని పని. ఆ బురదనీళ్ళలో అరచెయ్యి కళ్ళముందు పెట్టుకున్నా కనిపించదు. కళ్ళు అక్కడ అలంకారమే. అది చెవులతో చేసే పని. నీరు కారేచోట గేటు సన్నగా ఈల వేస్తుంది. ఆ ఈల పట్టుకుని చెయ్యి పోనిస్తే కన్నం దొరుకుతుంది.

వచ్చిన చిక్కల్లా ఇంతకుముందున్న సిలిండర్లతో. వీపున మోసే ఆ సిలిండరులో గాలి పీల్చి వదిలితే, ఆ వదిలింది బుడగలై చెవుల పక్కనుంచి బుడబుడమని పైకి పోతుంది. ఆ గోలలో ఈల వినపడదు. కాబట్టి కొర్లయ్య ఊపిరి బిగబట్టి వినాలి, వదలాలి, మళ్ళీ బిగబట్టి వినాలి.

కొత్త యంత్రం అలాంటిది కాదు. రొమ్ము మీద కట్టుకునేది. వదిలిన గాలి బయటికి పోకుండా గొట్టంలోంచి సున్నపు గుళ్ళ డబ్బాలోకి వెళుతుంది. ఆ గుళ్ళు చెడుగాలిని పీల్చేస్తాయి. మిగిలినది రొమ్ము మీది సంచిలో చేరుతుంది. దానికి చిన్న సిలిండరు కాస్త ప్రాణవాయువు కలుపుతుంది. మళ్ళీ ఆ గాలినే పీల్చుకోవచ్చు. బుడగన్నది ఒక్కటి రాదు.

మొదటిసారి దాంతో దిగిన సాయంత్రం కొర్లయ్య ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోలేదు.

"ఒసే దానమ్మా, నీలల్లో అంత నిశ్శబ్దం ఉంటాదని నాకు ఇన్నాల్లూ తెల్దే. గేటు ఈల ఎయ్యడం ఇన్నాను. ఒకటి కాదు, మూడు సోట్ల. బొచ్చెసేప ఒకటొచ్చి నా మొకానికి మొకం ఆనించి సూసింది. బుడగలు నేవు గదా, నన్నూ సేపే అనేసుకున్నాది."

"పాపం, దానికి కళ్ళు సరిగ్గా కనపళ్ళేదు కావాల" అంది పెళ్ళాం, పులుసు దించుతూ.

అంత మంచి యంత్రానికి ఒకే ఒక్క లోపం. సంచిలో గాలి ఉంటుంది కనుక నీళ్ళలో అది పైకి తేలుతుంది. బోర్లా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. తల పైకెత్తి నిలువుగా నిలబడితే మాత్రం సంచి రొమ్ము వదిలేసి గడ్డం కిందికి వచ్చేస్తుంది. అప్పుడు గాలి లాక్కోవడం, అంటుకుపోయిన సీసా మూత పళ్ళతో తీసినట్టుంటుంది. యంత్రంతోపాటు వచ్చిన బొమ్మల పుస్తకం కొర్లయ్య తిరగేశాడు. బొమ్మలోని మనిషికి సంచి కింది అంచునుంచి ఒక పట్టీ బయల్దేరి, కాళ్ళ సందునుంచి వెనక్కి పోయి, నడుము దగ్గర బిగించి ఉంది. ఆ పట్టీయే సంచిని కిందికి పట్టి ఉంచుతుంది. తమ యంత్రాలకు అది లేదు.

స్టోర్ కీపర్ లింగమూర్తి గారి దగ్గరికి వెళ్ళి పుస్తకం చూపించాడు.

"ఉన్నాయి. ఆరు వచ్చాయి, ఆరూ ఉన్నాయి" అన్నారు లింగమూర్తి గారు, బీరువాకేసి గడ్డం ఎగరేసి. "కవర్లో పెట్టి లక్క వేశాం."

"లక్కెందుకు బాబూ?"

"కొనుగోలు సంఘం ఆదేశం. నువ్వే చెప్పు. ముందునుంచి కాళ్ళ సందున దూరి వెనక్కి పోయి నడుముకి బిగించేదాన్ని ఏమంటారు?"

కొర్లయ్య కాస్త ఆలోచించి, "గోసీ అంటారండి" అన్నాడు.

"మరి! శాఖ ముద్ర ఉన్న యంత్రానికి గోచీ పెడతామా? సంఘంలో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. 'శాఖా గౌరవమునకు భంగకరమైన విడిభాగము' అని రాసి ఊడదీయించారు."

"మా నాయిన ముప్పయ్యేళ్ళు గోసీతోనే ములిగినాడు బాబూ."

"అందుకే నువ్వింకా కాంట్రాక్టులో ఉన్నావు" అన్నారు లింగమూర్తి గారు, చాలా సౌమ్యంగా.

అంతటితో ఊరుకుని ఉంటే కొర్లయ్య కొత్త గాలి పాత అలవాటుతో పీల్చుకుంటూ బతికేసేవాడు. కాని ఆ వారమే శ్వాససౌఖ్య పత్రం వచ్చింది.

దాన్ని తయారుచేసింది సౌఖ్య సలహాదారు విరించి గారు. ఆయన అంతకుముందు ఆఫీసు కుర్చీల సౌఖ్యం మీద సలహాలిచ్చేవారు. మనిషి సుఖం మనిషి సుఖమే గనుక కుర్చీకీ నీటికీ తేడా ఉండదని ఆయన సిద్ధాంతం. ఈత రాదు. పత్రంలో ముప్పై ఆరు ప్రశ్నలున్నాయి. శ్వాస లోనికి వచ్చునపుడు మీ మనోభావము ఎట్లుండెను? బయటికి పోవునపుడు ఎట్లుండెను? ఈ రెంటి నడుమ విరామమున శాఖపట్ల కృతజ్ఞత కలిగెనా? ఒక్కో ప్రశ్నకు మూడు గడులు: సుఖము, అధిక సుఖము, మహాసుఖము. ఎవరికి నచ్చిన గడిలో వారు స్వేచ్ఛగా టిక్కు పెట్టుకోవచ్చు. అట్టడుగున 'ఇతర అభిప్రాయములు ఉన్నచో' అని వేలెడంత చోటు ఉంది. అది ఖాళీగా వదలడం మర్యాద అని కొర్లయ్యకు ఎవరూ చెప్పలేదు. ఆ వేలెడంతలో అతను 'పట్టీ లేక గాలి బరువుగా ఉన్నది' అని రాశాడు.

మూడో రోజున సూపరింటెండెంట్ సర్వలక్ష్మి గారు అతన్ని పిలిచి ఒక మెమో చేతికిచ్చారు. మంచి మనిషి ఆవిడ. మెమో ఇచ్చేముందు మంచినీళ్ళు ఇచ్చి, కూర్చోబెట్టి, ఇస్తారు.

"ఏటమ్మా ఇది?"

"చదువుతాను, విను. 'యంత్రము సుఖప్రదమని కొనుగోలు సంఘమువారు ఏకగ్రీవముగా తీర్మానించియున్నారు. అట్టి యంత్రమునందు మీకు ఇబ్బంది కలిగినందున, లోపము మీ ఊపిరితిత్తులయందు గలదని భావించవలసి వచ్చుచున్నది. మిమ్ములను శ్వాసించుటకు అనర్హునిగా ఏల ప్రకటించరాదో మూడు దినములలోగా తెలుపవలెను.'"

కొర్లయ్య గ్లాసు కింద పెట్టేశాడు. "ఊపిరి తియ్యడానికి అనర్హుడనా అమ్మా?"

"నీమీద కోపం ఏం లేదు కొర్లయ్యా. నీ ఊపిరితిత్తుల మీదే. కాని జాగ్రత్తగా ఉండు. ఈ నెలాఖరుకే నీ కాంట్రాక్టు పొడిగించాలి. శ్వాసకు అనర్హుడని ఫైల్లో పడిందనుకో, ఇక్కడే కాదు, ఏ రేవులోనూ ఏ డ్యాములోనూ నిన్ను నీళ్ళలోకి దింపరు."

ఆ మాట మాత్రం కొర్లయ్య గుండెలో పడింది. అతనికి వచ్చిన పని ఒక్కటే. నేల మీద అతను చేయగలిగిందల్లా నీళ్ళకేసి నడవడం.

దానమ్మ పది చదివింది. జవాబు ఆమే రాసింది. 'అయ్యా, పట్టీ ఇప్పిస్తే అర్హుడను. ఇట్లు, సూరాడ కొర్లయ్య.' ఇంతకన్నా పొడుగ్గా ఏం రాయాలో ఇద్దరికీ తోచలేదు. అంత పొట్టి జవాబు శాఖ చరిత్రలో లేకపోవడంతో, అందులో ఏదో ధిక్కారం దాగి ఉందని తేల్చి, విచారణకు శ్వాససౌఖ్య సంఘాన్ని వేశారు. అధ్యక్షులు పరాంకుశం గారు. సభ్యులు విరించి గారు, లింగమూర్తి గారు. కార్యదర్శి సర్వలక్ష్మి గారు.

సంఘం మీటింగు హాల్లో కూర్చుంది. స్టోరులోంచి నాలుగో నంబరు యంత్రం తెప్పించారు. డబ్బాలో సున్నపు గుళ్ళు కొత్తగా నింపారు. అందరిలోకీ పెద్ద ఊపిరి అధ్యక్షులవారిదే ఉంటుందని విరించి గారు అనడంతో, పరాంకుశం గారే కోటు విప్పి యంత్రం రొమ్మున కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. నిమిషంలో మెడ లాగుతోందన్నారు.

"సార్, ఇచ్చట భంగిమ దోషం ఉన్నది" అన్నారు విరించి గారు. "డైవరు కుర్చీలో కూర్చుని ఈదడు. బోర్లా ఈదును. సౌఖ్యమును కొలువవలెనన్న అదే భంగిమయందు కొలువవలెను."

నిజమే కదా అనుకున్నారు అందరూ. మీటింగు బల్ల మీది ఫైళ్ళు తీసేశారు. పరాంకుశం గారు బల్లమీద బోర్లా పడుకున్నారు. అధ్యక్షులు పడుకుని ఉండగా సభ్యులు కూర్చోవడం మర్యాద కాదని విరించి గారూ లింగమూర్తి గారూ కూడా చెరో పక్క బోర్లా పడుకున్నారు. బల్ల అంతటితో నిండిపోవడం వల్ల సర్వలక్ష్మి గారు నిలబడే తీర్మానం రాసుకున్నారు. అటెండరు టీ తెచ్చి, ఎవరికి ఎటువైపునుంచి ఇవ్వాలో తెలియక పట్టుకుని నిలబడ్డాడు. సంజాయిషీకని పిలిపించిన కొర్లయ్య గుమ్మం దగ్గర ఉన్నాడు.

పరాంకుశం గారు ముక్కుకు క్లిప్పు తగిలించి, గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీల్చారు. వదిలారు. పీల్చారు. ఏ ఇబ్బందీ లేదన్నట్టు బొటనవేలు చూపించారు. రెండు నిమిషాలు గడిచేసరికి ఆయన ముఖంలో ఎన్నడూ లేని ప్రశాంతత వచ్చింది. కనుబొమలు విప్పుకున్నాయి. కళ్ళు అరమోడ్పులయ్యాయి. పెదవులు ఊదారంగుకు తిరిగాయి.

"రాసుకోండి మేడమ్. మహాసుఖము" అన్నారు విరించి గారు గొంతు తగ్గించి.

కొర్లయ్య చూపు సిలిండరు కుళాయి మీద పడింది. కంపెనీ వేసిన ఎర్రలక్క సీలు దానికి అలాగే ఉంది. కుళాయి ఎవరూ విప్పలేదు!

ఒక్క గెంతులో వెళ్ళి డైరెక్టరు గారి నోట్లోంచి గొట్టం పీకేశాడు. ఆయన్ని వెల్లకిలా తిప్పి మొహం మీద విసనకర్ర బదులు విచారణ ఫైలుతో విసిరాడు. కాసేపటికి పరాంకుశం గారు కళ్ళు తెరిచి, "ఎవరది? ఎందుకు లాగితిరి? ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంతటి సుఖము నేనెరుగను" అన్నారు.

"బాబూ, అది సుకం కాదండి. కులాయి కట్టేసి ఉన్నాది. సెడుగాలి ఆ గుళ్ళు లాగేస్తన్నాయి గాబట్టి మీకు ఇబ్బంది తెల్దు. పేనవాయువు అయిపోతన్నా తెల్దు. నవ్వుకుంటా నవ్వుకుంటా ఎల్పోతారు. ఇంకొక్క నిమసం ఉంటే మిమ్మల్ని ఈ బల్లమీంచి ఇంక నేపేవోళ్ళం కాదు."

అప్పుడు విరించి గారు బల్ల దిగి చొక్కా సర్దుకున్నారు.

"కొర్లయ్యా, తార్కికంగా ఆలోచించు. ప్రమాదం అంటే ఏమిటి? అసౌకర్యం. సారుకి అసౌకర్యం కలిగిందా? లేదు. అసౌకర్యమే లేనిచోట ప్రమాదం ఎక్కడినుంచి వచ్చింది?"

కొర్లయ్యకు జవాబు తెలుసు గాని, అది ఆ భాషలో ఎలా చెప్పాలో తెలియలేదు.

మర్నాడు రెండు కాగితాలు వెలువడ్డాయి. ఒకటి కొర్లయ్యకు రెండో మెమో: ఉన్నతాధికారి సౌఖ్యమునకు భంగము కలిగించినందుకు. రెండోది సర్క్యులరు. 'సిలిండరు కుళాయి మూసియున్న యెడల సౌఖ్యము పరాకాష్ఠనందునని అధ్యక్షులవారి స్వానుభవముచే నిరూపితమైనది. కావున ఇకమీదట డైవర్లు కుళాయి మూసియే దిగవలెను. సీలు భద్రముగా ఉన్నదీ లేనిదీ పైకి వచ్చిన పిమ్మట తనిఖీ చేయబడును. ఇందుమూలముగా ప్రాణవాయువు సైతము ఆదా యగును.' గురువారం నాడు తాడివలస మూడో గేటు దగ్గర సంఘం సమక్షంలో కొర్లయ్యకు తుది పరీక్ష. ముప్పై ఆరుకి ముప్పై ఆరూ మహాసుఖం రాకపోతే అనర్హుడే.

ఇంట్లో కొర్లయ్య సర్క్యులరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"సీలు ఇప్పితే ఉజ్జోగం పోద్ది. ఇప్పకపోతే నేనే పోతాను."

"పోవడానికి నీకేటి తొందర?" అంది దానమ్మ. ట్రంకుపెట్టె అడుగునుంచి పాతగుడ్డ ఒకటి తీసి అతని ఒళ్ళో పడేసింది. అది మావగారి గోచీ. ఎర్రని ముతకగుడ్డ, ఉప్పుకి చారలు కట్టి ఉంది. "మీ నాయిన ఏ కులాయి ఇప్పుకుని దిగీవోడు? ఆ రొమ్ముసంచీ కింద కట్టుకోడానికైనా పనికొస్తాది, తీసుకెళ్ళు."

"గోసీ సూస్తే మూడో మెమో ఇస్తారే."

"ప్యాంటు లోపల కట్టుకో. మీ ఆఫీసోళ్ళు అక్కడదాకా తనికీ సెయ్యరు కదా?"

గురువారం జలాశయం గట్టుమీద షామియానా వేశారు. మూడో గేటు కింద తాటిదుంగ ఒకటి అడ్డం పడి గేటు పూర్తిగా మూసుకోవడం లేదు. పదిహేను అడుగుల లోతున ఆ దుంగకు తాడు కడితే పైనుంచి క్రేను లాగేస్తుంది. అదీ కొర్లయ్య చేయాల్సిన పని. షామియానాకి గేటు ముందుభాగం బాగా కనిపిస్తుంది గాని, పక్కనున్న రాతిస్తంభం వెనకభాగం కనిపించదు. ఇనుపమెట్ల నిచ్చెన ఉన్నది ఆ వెనకే.

విరించి గారు స్టాపు వాచీ పట్టుకున్నారు. లింగమూర్తి గారు సీలు చూసి సంతకం పెట్టారు. శాఖలోని మిగతా ఇద్దరు డైవర్లు బంగారినాయుడూ గోవిందూ గట్టున కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నారు. వాళ్ళు పట్నంలో నీలంరంగు ఈతకొలనులో శిక్షణ పొంది సర్టిఫికెట్లు తెచ్చుకున్నవాళ్ళు. యంత్రం లేకుండా ముక్కు నీటిలో పెట్టరు.

కొర్లయ్య యంత్రం కట్టుకుని నిచ్చెన దిగి మునిగాడు. మూడు మెట్లు లోపలికి వెళ్ళాక ఆగి, యంత్రం విప్పేశాడు. ప్యాంటు లోపలి గోచీ ఊడదీసి, దాంతో యంత్రాన్ని మెట్టుకి గట్టిగా కట్టాడు. స్తంభం వెనక తల మాత్రం పైకి తేల్చి, నాన్న పీల్చినట్టు పొట్టనిండా గాలి పీల్చి, మునిగాడు. దుంగ తడిమాడు. వచ్చాడు. మళ్ళీ పీల్చాడు, తాడు చుట్టాడు, వచ్చాడు. పదకొండు మునకల్లో ముడి బిగిసింది. చాలా ఏళ్ళ తర్వాత నాన్నతో కలిసి పని చేసినట్టనిపించింది.

గట్టుమీద విరించి గారు ఉప్పొంగిపోతున్నారు. "ముప్పై నిమిషాలు, సార్! ఒక్క బుడగ లేదు!"

"లేదు, లేదు" అన్నారు పరాంకుశం గారు. "నీటి ఉపరితలము శాఖ క్రమశిక్షణకు దర్పణమువలె ఉన్నది."

క్రేను తాటిదుంగను లాగింది. గేటు ధడాలున మూసుకుంది. కొర్లయ్య యంత్రం మళ్ళీ కట్టుకుని, చెక్కు చెదరని సీలుతో పైకి వచ్చాడు. తుడుచుకోవడానికి తువ్వాలు ఇవ్వడానికన్నా ముందు పత్రం ఇచ్చారు.

అతను అబద్ధం రాయలేదు. యంత్రమువలన శ్వాసకు ఇబ్బంది కలిగెనా? కలగలేదు. గాలి లాగుట బరువుగా తోచెనా? తోచలేదు. ముప్పై ఆరుకీ మహాసుఖం గడిలోనే టిక్కు పెట్టాడు. వేలెడంత చోటు ఈసారి ఖాళీగా వదిలాడు. సర్వలక్ష్మి గారు అక్కడికక్కడే తీర్మానం చదివారు, ముగ్గురూ సంతకాలు పెట్టారు, కొర్లయ్య కాంట్రాక్టు పొడిగించారు. పరాంకుశం గారు అతని తడిభుజం తట్టి, చెయ్యి తుడుచుకున్నారు.

"ఇంతవరకు సందేహము ఉండెను. ఇక లేదు. రేపు ఉదయము బంగారినాయుడు, గోవిందు ఆరో గేటు వద్ద ఇదే విధముగా, కుళాయి మూసి, దిగుదురు గాక!"

కొర్లయ్య గట్టుమీద కూర్చున్న ఇద్దరికేసి చూశాడు. గోవిందు అప్పుడే నవ్వడం మొదలుపెట్టాడు: ముప్పై నిమిషాలు ఉండగలిగాడు కదా, మనమూ ఉండగలం అన్న నవ్వు. రేపు నీళ్ళలో ఆ నవ్వు అలాగే ఉండిపోతుందని కొర్లయ్యకి తెలుసు. చేతిలో పొడిగింపు కాగితం ఉంది. దానిమీద సిరా ఇంకా ఆరలేదు.

"బాబూ" అన్నాడు.

"ఏమి?"

"నాను ఆ యంత్రంతో ఊపిరి తియ్యనేదండి."

పరాంకుశం గారికి అర్థం కాలేదు. కొర్లయ్య నిలబడి మొత్తం చెప్పేశాడు. నిచ్చెన మెట్టు, నాయన గోచీ, పదకొండు మునకలు. నమ్మరేమోనని ప్యాంటు జేబులోంచి తడిసిన ఎర్రగుడ్డ తీసి చూపించాడు. "ఆల్లిద్దరికీ ములక రాదు బాబూ. ఆరో గేటుకాడ తల పయికెట్టడానికి సోటు కూడా నేదు. కులాయి కట్టేసి దింపితే సచ్చిపోతారు. నన్ను తీసీసినా పర్నేదు, ఆల్లని మాత్రం దింపకండి."

బంగారినాయుడు గోళ్ళు కొరకడం మానేశాడు. లింగమూర్తి గారు గోచీ చూసి తల పక్కకు తిప్పుకున్నారు.

మొట్టమొదట తేరుకున్నది సర్వలక్ష్మి గారు. "తీర్మానం మీద సంతకాలైపోయాయి సార్. ముప్పై ఆరుకి ముప్పై ఆరు అని రాశాం. నకలు పై ఆఫీసుకి ఫోనులో పంపేశాను కూడా."

"అయిపోయినచో మార్చుటకు వీలులేదు" అన్నారు పరాంకుశం గారు వెంటనే.

"లేదు సార్."

"యంత్రము సౌఖ్యప్రదము. అది నిరూపితము. అట్లే డైవరు యంత్రము ధరించలేదు. అదియును..." ఆయన ఆగి, సలహాదారు కేసి చూశారు.

విరించి గారు కళ్ళు మూసుకున్నారు. కుర్చీల రోజుల్లో కూడా ఆయన ఇలాగే కళ్ళు మూసుకుని పెద్ద పెద్ద చిక్కులు విప్పేవారు. "సార్, రెండింటి నడుమ వైరుధ్యమే లేదు. పరీక్షలో తేలినది ఏమనగా, యంత్రము నిచ్చెనకు వేలాడుచున్న స్థితియందు శ్వాససౌఖ్యము నూటికి నూరు. ఇది భంగిమకు సంబంధించిన విషయము. డైవరు భంగిమ కాదు, యంత్రపు భంగిమ. మనము ఇంతకాలము తప్పుదిక్కున వెదకితిమి!"

"భేష్!" అన్నారు పరాంకుశం గారు. "అటులైన ఆ మెట్టుకే కట్టవలెను. కానీ ఆ... ఆ వస్త్రముతో కాదు."

"ప్రామాణికమైన పట్టీ కావలెను" అన్నారు విరించి గారు.

అందరూ లింగమూర్తి గారికేసి చూశారు. లింగమూర్తి గారు గొంతు సవరించుకున్నారు. "స్టోరులో ఆరు ఉన్నాయి సార్. లక్క వేసి ఉన్నాయి. మనిషికి కట్టడం అశ్లీలం అన్నాం గాని, నిచ్చెనకు కట్టరాదని ఎక్కడా లేదు."

ఆ సాయంత్రమే కొత్త సర్క్యులరు వచ్చింది. డైవర్లందరూ ఇకమీదట నీటిలోనికి దిగునపుడు శ్వాసయంత్రమును వెంట తీసుకొనిపోయి, ప్రామాణిక పట్టీతో నిచ్చెనకు కట్టవలెను. కుళాయి సీలు విషయము డైవరు విచక్షణకు విడువబడినది, ఏలయన వేలాడు యంత్రము గాలి పీల్చదు. ఆరో గేటు పనికి బంగారినాయుడూ గోవిందూ పాత వీపు సిలిండర్లు కట్టుకుని, బుడబుడలాడుతూ దిగి, మంచిగాలి పీల్చుకుంటూ పైకి వచ్చారు.

కొర్లయ్యని తీసెయ్యలేదు. నూటికి నూరు తెచ్చుకున్నవాణ్ణి తీసేస్తే ఆ నూరూ ఎవరిదని పై ఆఫీసు అడుగుతుంది. నిజం చెప్పినందుకు మాత్రం మూడో మెమో ఇచ్చారు. మంచినీళ్ళు ఇచ్చి, కూర్చోబెట్టి, ఇచ్చారు.

సోమవారం పొద్దున్న కొర్లయ్య రెండో గేటు స్తంభం వెనక నిచ్చెన దిగాడు. యంత్రాన్ని సర్క్యులరు ప్రకారం మూడో మెట్టుకి కొత్త పట్టీతో కట్టి, లెక్కకి అన్నట్టు ఒకటి రెండు మూడు అనుకున్నాడు. తర్వాత విప్పాడు. యంత్రం రొమ్మున తగిలించుకుని, పట్టీని కాళ్ళ సందునుంచి వెనక్కి పోనిచ్చి, నడుము దగ్గర బిగించాడు. సీలు విరగ్గొట్టి కుళాయి తిప్పాడు. సంచి రొమ్మును అంటుకుని ఉండిపోయింది. తల పైకెత్తాడు, వంచాడు, నిలువుగా నిలబడ్డాడు. గాలి ఎటు తిరిగినా తేలిగ్గా వచ్చింది, తేలిగ్గా పోయింది. గంటసేపు కింద ఉండి, గేటు ఈల వేసిన రెండు కన్నాలు పట్టుకున్నాడు. గట్టుమీద లింగమూర్తి గారు తనిఖీకి వచ్చి నీళ్ళకేసి చూశారు. బుడగలేమీ లేవు. యంత్రం వేలాడుతూ ఉందని రాసుకుని వెళ్ళిపోయారు.

పైకి వచ్చాక కొర్లయ్యకి సవరించిన పత్రం ఇచ్చారు. ఇప్పుడు ప్రశ్నలు ముప్పై ఏడు. చివరిది కొత్తది: నిచ్చెనకు వేలాడుచున్న సమయమున యంత్రము సౌఖ్యముగా ఉండెనా?

కొర్లయ్య పెన్ను తీసుకుని మహాసుఖం అన్న గడిలో టిక్కు పెట్టాడు. కింద మళ్ళీ వచ్చి మొహం ఆనించి పోయిన బొచ్చెచేప గురించి ఏ ప్రశ్నా లేదు గనుక, ఆ సంగతి ఇంటికి వెళ్ళి దానమ్మకి చెప్పాడు.